తెలుసుకోకుండా ఉండే విద్య

కంపెనీలకు సలహా చెప్పే లాయర్లం మేము. మాలో చాలామందికి నల్లకోటు, బ్యాండు బీరువాలోనే ఉంటాయి. కోర్టు మెట్లెక్కే పని ఎప్పుడో గాని పడదు. మా వృత్తి అంతా కాగితం మీదే నడుస్తుంది. కంపెనీ పెట్టించడం, వాటాలు చేతులు మార్పించడం, బ్యాంకు అప్పు పత్రాలు, సరఫరాదారులతో ఒప్పందాలు, బోర్డు తీర్మానాలు, ఒక సంస్థను ఇంకో సంస్థ కొనేటప్పుడు గుట్టలుగా పేరుకునే ఫైళ్లు. 1991 సంస్కరణల తర్వాత దేశంలో వ్యాపారం పెరిగినకొద్దీ మేమూ పెరిగాం. హైదరాబాదులో ఒకప్పుడు సీనియర్ల ఇళ్ల ముందుగదుల్లో నడిచిన ఆఫీసులు బంజారాహిల్స్‌కీ, అక్కణ్ణుంచి గచ్చిబౌలి అద్దాల మేడలకీ చేరాయి. ఫీజులు పెరిగాయి, పలుకుబడి పెరిగింది. బాధ్యత మాత్రం పెరగలేదు. పెరగకుండా మేమే చూసుకున్నాం.

లాయర్లు అబద్ధాలాడతారని లోకం అంటుంది. మా మీద మోపాల్సిన నేరం అది కాదు. మా కాగితాల్లో అబద్ధం వెతికినా దొరకదు. ప్రతి వాక్యాన్నీ ఒకటికి నాలుగుసార్లు చూసుకుని రాస్తాం. మా నేరం అంతకంటే లోతైనది. తెలుసుకోకుండా ఉండడం ఎలాగో మేం నేర్చుకున్నాం. ఏ ప్రశ్న అడిగితే ఇబ్బందికరమైన జవాబు వస్తుందో ముందే పసిగట్టి, దాని జోలికి పోకుండా పని ముగించడం మా ఆఫీసుల్లో నైపుణ్యంగా చెలామణీ అవుతోంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నేళ్లూ నడిపించుకొచ్చాం. దాని ఖర్చు మా క్లయింట్లూ భరించలేదు, మేమూ భరించలేదు. మా ఎదురుగా బల్ల దగ్గర కూర్చునే అవకాశం లేనివాళ్లు భరించారు.

ఒక లీగల్ ఒపీనియన్ తీసి చూడండి. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు, ఇన్వెస్టరు డబ్బు పెట్టే ముందు మా దగ్గర రాయించుకునే పత్రం అది. ముందు మాకు చూపించిన కాగితాల జాబితా ఉంటుంది. ఆ తర్వాత మేం నిజమని అనుకున్న విషయాల జాబితా. సంతకాలన్నీ అసలైనవే అనుకున్నాం. నకళ్లు అసళ్లతో సరిపోతాయనుకున్నాం. కంపెనీ అధికారి ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఉన్నదంతా నిజమనుకున్నాం. బోర్డు మీటింగు పద్ధతిగా పెట్టారని, కోరం ఉందని అనుకున్నాం. ఇలా ఒక పేజీ, ఒక్కోసారి రెండు పేజీలు. తర్వాత మినహాయింపులు. ఇవన్నీ దాటాక అసలు అభిప్రాయం నాలుగైదు వాక్యాల్లో ముగుస్తుంది.

ఇందులో కొంత న్యాయం ఉంది. ప్రతి సంతకాన్నీ పరీక్షకు పంపడం ఏ లాయరుకూ సాధ్యం కాదు. కొన్ని నమ్మకాల మీదే పని జరగాలి. కానీ ఆ జాబితా క్రమంగా వేరే పనికి అలవాటు పడింది. ఫైళ్లు చదువుతున్న జూనియరు ఒక రాత్రి సీనియరు గదిలోకి వచ్చి, "సార్, ఈ డైరెక్టరుగారు ఆరోజు మీటింగులో ఉన్నట్టు మినిట్స్‌లో ఉంది. కానీ ట్రావెల్ బిల్లుల ప్రకారం ఆయన ఆరోజు సింగపూర్‌లో ఉన్నారు" అంటాడు. వచ్చే జవాబు మా ఆఫీసులన్నిటికీ తెలిసినదే: "అజంప్షన్స్‌లో పెట్టెయ్." తెలియని విషయాన్ని నిజమని అనుకోవడం ఒకటి. అనుమానం కళ్లెదుట కనిపించాక కూడా నిజమని అనుకున్నామని రాయడం ఇంకొకటి. ఈ రెంటి మధ్య గీతను మేం చెరిపేశాం. ఆ జూనియరు ఆ రాత్రి నేర్చుకున్న పాఠం ఏ లా కాలేజీలోనూ లేదు. పదేళ్ల తర్వాత తన జూనియరుకు అతను అదే చెబుతాడు.

తెలుగువాళ్లకు ఈ మాట వేరే ఊరి ఉదాహరణతో చెప్పాల్సిన పనిలేదు. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు సమావేశమైంది. మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలన్నది ముందున్న ప్రతిపాదన. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలను కొనడమన్నమాట. హార్వర్డ్ ప్రొఫెసరు, మన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను వంటి పేరున్న డైరెక్టర్లున్న బోర్డు అది. వాటాదారుల ఓటు అడగకుండానే ఆమోదం పడింది. ఇన్వెస్టర్లు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలు తిరిగాయో లేదో, 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు బోర్డుకు ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఆరోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. పెళ్లికో చదువుకో ఆ షేర్లు దాచుకున్న ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. ప్రమోటర్ల కుటుంబసభ్యులు, ఫైనాన్స్ అధిపతి, ఇద్దరు ఆడిటర్లు, ఇంటర్నల్ ఆడిట్ అధిపతి, కొందరు ఉద్యోగులు. న్యాయసలహాదారు ఒక్కరూ లేరు. మేం దాన్ని నిర్దోషిత్వంగా తీసుకున్నాం. సత్యం మోసం లెక్కల మోసమని, అది ఆడిటర్ల పద్దు అని, మనకు సంబంధం లేదని మా సెమినార్లలో చెప్పుకున్నాం.

కానీ డిసెంబరు 16 నాటి ప్రతిపాదన లెక్కల్లో దాగినది కాదు. బల్ల మీద తేటతెల్లంగా ఉంది. ప్రమోటరు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడం చిన్నపిల్లాడికైనా కనిపిస్తుంది. అలాంటి చోట బోర్డు మా వృత్తివాళ్లను అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: వాటాదారుల ఆమోదం చట్టప్రకారం తప్పనిసరా? అక్కర్లేకుండా చేసే దారి ఉంటే ఆ దారి చూపడం మా తెలివి. వాటాదారులను అడగకపోతే అన్యాయం కదా అని చెప్పడం మా పని కాదని మాకు మేం నచ్చజెప్పుకున్నాం. మేం ఇలా సర్దుకుంటాం గనుకనే అటువంటి ప్రతిపాదన ఒక బోర్డు గది దాకా వచ్చి, అక్కడ ఆమోదం కూడా పొందగలిగింది.

ఇంకో సంగతి. సత్యం ప్రమోటర్ల కుటుంబం, దాని మనుషుల పేర్ల మీద భూములు కొనడానికి మూడొందలకు పైగా కంపెనీలు పెట్టారని దర్యాప్తులో తేలింది. కంపెనీ పెట్టాలన్నా, భూమి రిజిస్టరు చేయాలన్నా, వాటా ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మారాలన్నా చదువుకున్నవాళ్ల చెయ్యి పడాలి. పనిని అన్ని ముక్కలు చేసి పంచితే ఎవరి చేతిలోనూ తప్పు కనిపించదు. ఒకరి దగ్గర ఒక ఫారం, ఒకరి దగ్గర ఒక సేల్ డీడు, ఒకరి దగ్గర ఒక తీర్మానం. ఒక్కొక్కటీ చట్టబద్ధమే. మా వృత్తి ఈ ముక్కల పద్ధతికి బాగా అలవాటు పడింది. "మా ఎంగేజ్‌మెంట్ ఇంతవరకే" అని మొదటి ఉత్తరంలోనే గిరి గీసుకుంటాం. గిరి బయట ఇల్లు తగలబడుతున్నా అది మాకిచ్చిన పనిలో లేదంటాం.

సత్యం తర్వాత చట్టాలు మారాయి. 2013 కంపెనీల చట్టం మోసం కనిపిస్తే ఆడిటర్లు ప్రభుత్వానికి చెప్పి తీరాలంది. ఆడిట్ సంస్థల్ని పదేళ్లకోసారి మార్చాలంది. ఆడిటర్ల మీద నిఘాకు 2018లో నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ వచ్చింది. కంపెనీ సెక్రటరీలకు సెక్రటేరియల్ ఆడిట్ బాధ్యత పడింది. డైరెక్టర్ల విధులు చట్టంలోకి ఎక్కాయి. 2023 మేలో మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద చార్టర్డ్ అకౌంటెంట్లను, కంపెనీ సెక్రటరీలను, కాస్ట్ అకౌంటెంట్లను కొన్ని లావాదేవీల్లో సమాచారం ఇచ్చి తీరాల్సినవాళ్లుగా చేర్చారు. ఆ జాబితాలో లాయర్లు లేరు. అందరి మెడకూ గంట కట్టారు, మమ్మల్ని వదిలేశారు. ఆ గంటల గురించి క్లయింట్లకు పాఠాలు చెప్పి ఫీజు తీసుకున్నదీ మేమే. మాకూ ఒకటి కావాలని మాలో ఎవరం గట్టిగా అడగలేదు.

2013 కంపెనీల చట్టంలోనే మా మీద చూపిన ఉదారత ఒకటుంది. లీగల్ సంస్థ భాగస్వామి ఒక కంపెనీలో ఇండిపెండెంట్ డైరెక్టరుగా ఉండవచ్చా? ఆ కంపెనీ నుంచి ఆ సంస్థకు వచ్చే వ్యాపారం దాని మొత్తం రాబడిలో పదిశాతానికి చేరితే కూడదని 149వ సెక్షన్ అంటుంది. అంటే తొమ్మిది శాతం వస్తుంటే స్వతంత్రుడే. తన ఆఫీసు రాబడిలో తొమ్మిది శాతం ఇచ్చే ప్రమోటరు ముఖం మీద "ఇది కూడదు" అని ఎంతమంది చెప్పగలరు? మేం ఆ అంకెను హద్దుగా చూడలేదు, అనుమతిగా చూశాం.

మోసపోయినవాళ్లకు మేం ఏం చేశామో కూడా చెప్పాలి. సత్యం షేర్లు న్యూయార్క్‌లో కూడా నమోదై ఉండేవి. అక్కడి ఇన్వెస్టర్లు అందరి తరఫున ఒకే దావా వేస్తే సత్యం 12.5 కోట్ల డాలర్లకూ, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లకూ రాజీకి వచ్చాయి. ఇక్కడి చిన్న వాటాదారుకు అలాంటి దారి అప్పటి మన కంపెనీల చట్టంలో లేదు. 2013 చట్టం 245వ సెక్షన్‌తో ఆ దారి తెరిచింది. 2016లో అది అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ దాన్ని వాడుకున్నవాళ్లు చాలా అరుదు. కారణం వెతుక్కోనక్కర్లేదు. ఆ విద్య తెలిసినవాళ్లమంతా ఒకే వైపు కూర్చున్నాం. ఈరోజు చిన్న వాటాదారు తరఫున నిలబడితే రేపు ఏ కంపెనీ మన గడప తొక్కదన్న భయం మా ఆఫీసుల్లో అందరికీ తెలుసు. చట్టం దారి తెరిచాక ఆ దారిలో నడిపించే మనిషి దొరకకపోవడానికి మేమే కారణం.

సత్యం లాంటిది పత్రికలకెక్కుతుంది. రోజూ జరిగేది ఎక్కదు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో నాలుగు లేత్ మిషన్లు పెట్టుకుని పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్ చేసే చిన్న యజమానులు వేలల్లో ఉన్నారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం వాళ్ల కోసం వచ్చింది. సరుకు తీసుకున్న కంపెనీ, రాతకోతల్లో ఏం రాసుకున్నా సరే, 45 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఒప్పందంలో ఏమున్నా ఈ వడ్డీ హక్కు పోదు. ఇంత సూటిగా రాసిన చట్టాలు తక్కువ.

ఈ చట్టాన్ని మేం ఏం చేశామో చూడండి. గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న దాన్ని పట్టుకున్నాం. సరుకు వచ్చిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే డెలివరీ రోజే అంగీకరించినట్టని చట్టం అంటుంది. మేం ఒప్పందంలో "మా క్వాలిటీ విభాగం అంగీకార పత్రం ఇచ్చిన రోజు నుంచి" అని రాశాం. ఆ పత్రం ఎప్పుడివ్వాలో రాయలేదు. "ఇన్వాయిస్ పోర్టల్‌లో అప్రూవ్ అయిన తేదీ నుంచి 90 రోజులు" అని రాశాం. కోర్టుకెళితే చెల్లదని మాకు తెలుసు. కోర్టుకు వెళ్లడనీ తెలుసు. చెల్లని క్లాజు కూడా భయపెట్టడానికి పనికొస్తుందని మాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అన్నిటికంటే చివర వచ్చేది "నో డ్యూస్" ఉత్తరం. ఏడాదిన్నరగా ఆగిన బిల్లుల్లో కంపెనీ కొంత కోసి, మిగతాది ఇస్తానంటుంది. ఆ చెక్కు తీసుకోవడానికి సరఫరాదారు మా కాన్ఫరెన్స్ రూముకు వస్తాడు. చేతిలో డెలివరీ చలాన్ల ఫైలు, దానికి రబ్బరు బ్యాండు. గోళ్ల సందుల్లో గ్రీజు మరక కడిగినా పోనిది. ముందు పెట్టిన ఇంగ్లిషు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, ఇందులో ఏముందో కాస్త మీరే చెప్పండి" అంటాడు. "నేను కంపెనీ తరఫు లాయర్నండీ. మీకు చెప్పకూడదు. మీ లాయరుకు చూపించుకోండి" అంటాం. వృత్తి నియమాల ప్రకారం అది సరైన జవాబే. శనివారం కూలీలకు బట్వాడా చేయాల్సిన మనిషి, సోమవారం లాయరును వెతుక్కుని మళ్లీ రాగలడా? సంతకం పెడతాడు. వడ్డీ మాట, బాకీ మాట ఇక ఎన్నడూ ఎత్తనని ఆ ఉత్తరం. ఎంఎస్ఎంఈ చట్టం కింద ఇలాంటి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళితే తనకు ఏం వచ్చేదో ఆయనకు తెలియదు. ఒకవేళ తీర్పు ఆయనకే వస్తే, దాన్ని సవాలు చేయడానికి కంపెనీ ముందుగా 75 శాతం జమచేయాల్సి వచ్చేదనీ తెలియదు. ఆ గదిలో తెలిసినవాళ్లం మేమే. ఆయనకు అర్థంకాని భాషలో, ఆయనకు అర్థంకాకూడదనే ఆ ఉత్తరం రాసినదీ మేమే.

ఈ ఆలస్యాలు ఆపడానికి ఆదాయపన్ను చట్టంలో 43బి సెక్షన్‌ను మార్చి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టని డబ్బును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకూడదన్నారు. 2024–25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అది అమలైంది. పెద్ద కంపెనీలకు మొదటిసారి నొప్పి తెలిసింది. చిన్న సంస్థగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుంటేనే ఆర్డర్లిస్తామని కొందరు సరఫరాదారుల మీద ఒత్తిడి తెచ్చారన్న ఫిర్యాదులు ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చాయి. చట్టం ఇచ్చిన రక్షణను వదులుకుంటేనే పని దొరుకుతుందన్న ఆలోచన బజారులో దానంతటదే పుట్టదు. చట్టాన్ని వరస వరసగా చదివి, సందు ఎక్కడుందో చూపించేవాళ్లు ఉంటేనే పుడుతుంది. అలా చదవడం వచ్చినవాళ్లలో మొదటివాళ్లం మేము.

అప్పు పత్రాల సంగతి కూడా అంతే. మహబూబాబాదు రైతు ట్రాక్టరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు తీసుకుంటాడు. నలభై పేజీల ఇంగ్లిషు పత్రం. తగాదా వస్తే ఆర్బిట్రేటర్ను ఫైనాన్స్ కంపెనీయే నియమిస్తుంది. విచారణ చెన్నైలో. ఒక పక్షమే ఆర్బిట్రేటర్ను నియమించడం చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా సమాన అవకాశం ఇరుపక్షాలకూ ఉండాలంది. మొదటి తీర్పు వచ్చాక కూడా మా అచ్చు పత్రాల్లో ఆ క్లాజు చాలాకాలం అలాగే కొనసాగింది. తీయమని ఎవరూ అడగలేదు, మేం తీయలేదు.

అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలోనే అన్నీ చెప్పాలని రిజర్వు బ్యాంకు ఏనాడో నియమం పెట్టింది. దానికి మేం కనిపెట్టిన మందు ఆఖరి పేజీలో ఉంటుంది. "ఈ పత్రంలోని విషయాలన్నీ నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను పూర్తిగా అర్థం చేసుకుని సంతకం చేస్తున్నాను" అన్న ప్రకటన. ఆ ప్రకటన ఇంగ్లిషులో ఉంటుంది. దాని కింద తెలుగులో వంకరటింకర సంతకం. పక్కన సాక్షిగా, ఆ అప్పు ఇప్పిస్తే కమిషను వచ్చే ఏజెంటు. నియమం పాటించినట్టు కాగితం ఉంది. నియమం ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషికి ఏమీ చేరలేదు. 2024 అక్టోబరు నుంచి చిన్న అప్పుదారులకు ముఖ్య వివరాల పత్రం వాళ్ల భాషలోనే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, మేం ఆ పాత నియమాన్ని ఎలా మింగేశామో అర్థమవుతుంది.

మా సంజాయిషీలు మాకున్నాయి. మొదటిది, క్లయింటు రహస్యం. రహస్యం కాపాడాలన్న మాట నిజం. కానీ దాని హద్దు 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉండేది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో అది 132వ సెక్షన్. ఫోర్జరీ చేశాను, నన్ను కాపాడండి అని క్లయింటు చెబితే అది రహస్యం. ఫోర్జరీ దస్తావేజుతో ఆస్తి రాబట్టుకోవాలి, దావా వేయండి అంటే అది రహస్యం కాదు. జరిగిపోయిన నేరానికి రక్షణ కోరడం వేరు, జరగబోయే నేరానికి సాయం కోరడం వేరు. లా చదివే మొదటి రోజుల్లోనే ఈ ఉదాహరణలు చదివాం. మా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం జరగబోయేదే. అయినా మొదటి రక్షణను రెండోదానికి కప్పుకుని కూర్చున్నాం.

రెండో సంజాయిషీ: మేం సలహా మాత్రమే ఇస్తాం, నిర్ణయం వాళ్లది. ఇది సగం నిజం. ఒక నిర్ణయం ఎంత సులువుగా, ఎంత నిర్భయంగా తీసుకోవచ్చో తేల్చేది మా కాగితమే. మా ఒపీనియన్ ఫైల్లో ఉంటే డైరెక్టరు నిద్రపోతాడు. ఆ నిద్రకు డబ్బు తీసుకున్నాక, నిర్ణయంతో సంబంధం లేదనే హక్కు మాకు లేదు.

మూడోది: మేం చేయకపోతే పక్క ఆఫీసు చేస్తుంది. ఇది ఒక మనిషి చెబితే బలహీనత. వృత్తి మొత్తం చెబితే కుట్ర. అందరం ఒకేసారి కాదంటే పక్క ఆఫీసు అంటూ ఉండదు. అలా కాదనడానికి మాకు సంఘాలున్నాయి, బార్ కౌన్సిళ్లున్నాయి. ఒక్కటై పోరాడడం మాకు చేతకానిది కాదు. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దానికోసం ఏళ్లపాటు పోరాడింది లాయర్ల సంఘాలే. డాక్టర్లు 1995 నుంచీ ఆ చట్టానికి జవాబు చెబుతున్నారు. మాకు రక్షణ కావాలన్నప్పుడు ఒక్కటయ్యాం. మా వల్ల నష్టపోయేవాళ్లకు రక్షణ కావాలన్నప్పుడు ఎవరి ఆఫీసుకు వాళ్లం పోయాం.

మా వృత్తి నియమాలు కూడా కోర్టు గదిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. కోర్టు పట్ల, ఎదుటి పక్షం పట్ల క్లయింటు అక్రమంగా నడవకుండా లాయరు శాయశక్తులా ఆపాలని, వినకపోతే ఆ క్లయింటును వదులుకోవాలని బార్ కౌన్సిల్ నియమం చెబుతుంది. మంచి నియమం. అది కోర్టు పట్ల విధుల కింద ఉంది. కోర్టు ముఖమే చూడని మాకు బోర్డు గదిలో, ఒప్పందం బల్ల దగ్గర ఏ విధులున్నాయో చెప్పే అధ్యాయం లేదు. ఇక కంపెనీలో జీతానికి పనిచేసే లాయర్లు తమ ప్రాక్టీసు సనదు పక్కన పెట్టాలి. అప్పుడు బార్ కౌన్సిల్ క్రమశిక్షణ వాళ్లకు అందదు. 132వ సెక్షన్ రక్షణ కూడా వాళ్లకు లేదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మోసాన్ని అందరికంటే ముందు చూడగలిగే స్థానంలో ఉన్న మనిషికి, నోరు విప్పమనే మాటా మా వృత్తి నియమాల్లో లేదు, విప్పితే కాపాడే మాటా లేదు.

వేరేచోట్ల ఏం చేశారో మాకు తెలియనిది కాదు. ఎన్‌రాన్ కంపెనీ కూలిన తర్వాత అమెరికా 2002లో సార్బేన్స్–ఆక్స్‌లీ చట్టం తెచ్చి, లిస్టెడ్ కంపెనీల లాయరుకు పెద్ద ఉల్లంఘన ఆనవాలు దొరికితే ప్రధాన న్యాయాధికారికో సీఈఓకో చెప్పాలంది. వాళ్లు పట్టించుకోకపోతే ఆడిట్ కమిటీ దాకా, బోర్డు దాకా వెళ్లాలంది. బ్రిటన్‌లో తప్పుడు కంప్యూటర్ లెక్కల ఆధారంగా వందలమంది చిన్న పోస్టాఫీసు నిర్వాహకులను దొంగలుగా నిలబెట్టిన వ్యవహారంలో, బహిరంగ విచారణ జరిపి, 2024లో పోస్టాఫీసు సంస్థ లాయర్లను కూడా కెమెరాల ముందు ప్రశ్నలడిగారు. మీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు అని. ఆ ప్రశ్న మన దగ్గర ఏ కంపెనీ కుంభకోణంలోనూ మా వృత్తికి సూటిగా వేసినవాళ్లు లేరు. వేయమని మేమే కోరాలి.

ఏం చేయాలన్నది కష్టమైన చిక్కు కాదు. అనుమానం వచ్చిన ఏ విషయాన్నీ నిజమనుకున్నామని రాయకూడదు. ఇది ప్రతి ఆఫీసు తన గోడ మీద రాసుకోగల నియమం. చెల్లదని తెలిసిన క్లాజును ఏ ఒప్పందంలోనూ పెట్టకూడదు. సరఫరాదారుడో అప్పుదారుడో సంతకం పెట్టే ప్రతి పత్రానికీ ముందు, వాళ్లు ఏం వదులుకుంటున్నారో తెలుగులో ఒక పేజీ ఉండాలి. అది వద్దన్న క్లయింటుకు, ఎందుకు వద్దంటున్నారో రాసివ్వమని అడగాలి. వాటాదారులను, పన్నుకట్టేవాళ్లను మోసం చేసే ప్రతిపాదన కనిపిస్తే ప్రమోటరు చెవిలో చెప్పి ఊరుకోకుండా బోర్డుకు రాతపూర్వకంగా చెప్పాలి. సలహాలిచ్చే లాయర్లకు బార్ కౌన్సిల్ నియమాల్లో ఒక అధ్యాయం కావాలని, కంపెనీల్లో జీతానికి పనిచేసే మా తోటివాళ్లకు రక్షణ కావాలని మేమే అర్జీ పెట్టాలి. పెద్ద ఆఫీసులు తమ సీనియర్లలో కొందరినైనా చిన్న వాటాదారుల, చిన్న సరఫరాదారుల పక్షాన నిలబడనివ్వాలి. హైదరాబాదు నల్సార్‌లో, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో ఒప్పందం రాయడం నేర్పుతున్న చోటే, ఆ ఒప్పందం అవతలి మనిషి బతుకులో ఏం చేస్తుందో కూడా నేర్పాలి.

ఇవి జరిగితే కొందరు క్లయింట్లు పోతారు. పోనివ్వాలి. న్యాయంగా వ్యాపారం చేసేవాళ్లే ఈ దేశంలో ఎక్కువ. వాళ్లకు కావాల్సింది కళ్లు తెరిచి చదివే లాయరు. అలాంటి లాయరు దొరకక, పక్క కంపెనీ అడ్డదారిలో గెలుస్తుంటే చూస్తూ వాళ్లూ విసిగిపోయారు. వాళ్లకు కూడా మేం అన్యాయం చేశాం.

రేపో ఎల్లుండో మాలో ఎవరి బల్ల మీదికో మళ్లీ ఒక ఫైలు వస్తుంది. అందులో ఒక తేదీ పొసగదు, ఒక సంతకం సరిపడదు, ఒక వాల్యుయేషన్ నమ్మేలా ఉండదు. దాన్ని అజంప్షన్స్‌లో తోసేయకుండా బోర్డుకు ఉత్తరం రాయడానికి కొత్త చట్టం రావాల్సిన పనిలేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడున్న సనదు చాలు. ఆ ఉత్తరం రాయకుండా వదిలేసిన ప్రతిసారీ, అవతల నష్టపోయినవాళ్ల నష్టంలో మా వాటా ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక, ఆ వాటాకు జవాబు చెప్పే బాధ్యత కూడా మా మీదే పడుతుంది. ఆ జవాబు ఇప్పటినుంచే చెప్పడం మొదలుపెట్టాలి.